ఒంటి స్క్రబ్‌కి ఏ చక్కెర? రెండేళ్ళు వాడాక

రెండేళ్ళుగా వారానికోసారి వాడాక తేలింది ఒక్కటే: స్క్రబ్‌కి చక్కెర కొనేటప్పుడు రంగు కాదు, పలుకు చూడాలి.

కిరాణా కొట్లో బస్తా మీద ఎం-30, ఎస్-30 అని ఉంటుంది. అక్షరం పలుకు సైజుకి, అంకె రంగుకి. ఎం పలుకు పెద్దది. మడమలకీ మోచేతులకీ సరే గానీ మెడ మీద, చేతుల లోపలివైపు గీరుకుపోతుంది. అడిగి ఎస్ తెచ్చుకోండి. కొట్లో లేకపోతే ఎం చక్కెరనే మిక్సీలో ఆపి ఆపి రెండు మూడుసార్లు తిప్పి, పిండి జల్లెడ పట్టండి. పైన నిలిచిన రవ్వ స్క్రబ్‌కి, కింద పడిన పొడి టీకి. ఆ పొడి తడి తగలగానే కరిగిపోతుంది, రుద్దడానికేం మిగలదు. మిక్సీ పట్టిన పలుకుకి అంచులు విరిగి ఉంటాయి కాబట్టి ఎస్ అంత నున్నగా దొర్లదు.

బ్రౌన్ షుగర్ నిజంగానే మెత్తన. కానీ ధర ఎక్కువ, డబ్బా మూత వదులైతే మన ఎండలకి తడారి రాయిలా గడ్డకడుతుంది. బెల్లం పొడి జిగట, పైగా చీమలు. పటికబెల్లం దంచితే ముక్కలు గాజుపెంకుల్లా ఉంటాయి, వద్దు. చక్కెరలో గ్లైకాలిక్ యాసిడ్ (చర్మం పైన చచ్చిన పొరని వదిలించే ఆమ్లం) ఉందని చెబుతుంటారు. తెల్ల చక్కెర అంటే దాదాపు అంతా సుక్రోజ్ అనే తీపి పదార్థమే, ఆ యాసిడ్ కాదు; అది రుద్దుడుకి మాత్రమే పనికొస్తుంది.

అరకప్పు చక్కెరకి మూడు టేబుల్‌స్పూన్ల నువ్వుల నూనె. పిడికిట్లో నొక్కితే తడి ఇసుకలా నిలవాలి, నూనె కారకూడదు. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు పేరుకుంటుంది. డిసెంబరు పొద్దుటిపూట చెంచా కూడా దిగదు. నిమ్మరసం కలపకండి: మండుతుంది, ఆపై ఎండ తగిలితే మచ్చలు పడతాయి.

స్నానం చివర్లో, ఒంటి మీద నీళ్ళు కాస్త జారిపోయాక, కాలికి ఒక చెంచా చొప్పున తీసుకుని అర నిమిషం తేలిగ్గా రుద్దితే చాలు. పలుకు కరగడమే ఆపమని గుర్తు. ముఖానికి, మొటిమల మీద, వ్యాక్సింగ్ చేసిన రోజున అస్సలు వద్దు. డబ్బాలో తడి చెయ్యి పెట్టకండి, చక్కెర పాకమై అడుగుకి దిగుతుంది, బూజు కూడా పడుతుంది. పొడి చెంచా వాడండి. బోరు నీళ్ళ ఇళ్ళల్లో నూనె మీద సబ్బు రుద్దితే తెల్లటి జిడ్డు పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళు పోసుకుని తువ్వాలుతో అద్దుకోండి. తర్వాత బాత్రూం నేలని సబ్బుపొడితో వెంటనే కడగండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే మరీ ముఖ్యం.