క్యూబెక్ వంశవృక్షానికి పీఆర్‌డీహెచ్: ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

మా ఆయన వాళ్ళది కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్. పిల్లలకి నాన్న వైపు వంశం కూడా తెలియాలని మొదలుపెట్టిన పని ఇంకా సాగుతూనే ఉంది. ఇన్నేళ్ళలో నేను ఎక్కువగా వాడింది మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 1966లో మొదలైన, పాతకాలపు జనాభా మీద పరిశోధన చేసే పీఆర్‌డీహెచ్ ప్రాజెక్టు డేటాబేస్. 1621 నుంచి 1849 దాకా క్యూబెక్ కాథలిక్ చర్చిల్లో రాసిన బాప్టిజం, పెళ్ళి, ఖననం రికార్డులు ఇందులో ఉంటాయి. పూర్తి వివరాలకి డబ్బు కట్టాలి. కట్టిన డబ్బుకి న్యాయం జరిగిందనే అంటాను. దానికి పెద్ద కారణం ఇంటిపేర్ల చిక్కు.

ఫ్రెంచి వలస కాలంలో ఒకే కుటుంబానికి రెండు పేర్లు ఉండటం మామూలు. 1665లో వచ్చిన కారిన్యాన్-సాలియేర్ రెజిమెంటు సైనికుల్లో సుమారు 400 మంది ఇక్కడే స్థిరపడ్డారు. సైన్యంలో ఉండగా వచ్చిన లాఫ్లర్, సాన్‌సూసీ లాంటి మారుపేర్లు చాలామంది పిల్లలకి ఇంటిపేర్లయి కూర్చున్నాయి. మా ఆయన పూర్వీకుల్లో ఒకరైన పియేర్ మివిల్ స్విట్జర్లాండులోని ఫ్రిబోర్గ్ నుంచి వచ్చాడు, అందుకని ఆయన్ని ‘ల స్విస్’ అన్నారు. కొడుకు జాక్ దగ్గరికి వచ్చేసరికి అది ‘దెషేన్’ అయింది. ఆ తర్వాత కొందరు మివిల్, కొందరు దెషేన్, కొందరు రెండూ కలిపి. చేత్తో వెతికితే తల తిరిగిపోతుంది. పీఆర్‌డీహెచ్‌లో మాత్రం ఫాదరీ ఏ పేరు రాసినా రికార్డులన్నీ ఒకే మనిషి ఫైలులోకి చేరి, అక్కడి నుంచి అమ్మానాన్నల పెళ్ళికి లింకు ఉంటుంది. దీని వెనక ఎంత ఓపిక ఉందో తలచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

మన దగ్గర పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు మారిపోయి, నాలుగో తరం ముందు అమ్మమ్మది ఏ ఇల్లో తెలియకుండా పోతుంది కదా. ఇక్కడ ఆ బాధ లేదు. చర్చి రికార్డుల్లో ఆడవాళ్ళు చివరిదాకా పుట్టింటి పేరుతోనే ఉంటారు. 1663-1673 మధ్య రాజు ఖర్చుతో ఫ్రాన్స్ నుంచి వచ్చిన సుమారు 800 మంది అమ్మాయిల దాకా అమ్మల వైపు నుంచి కూడా వెళ్ళగలిగేది అందుకే. ఒక్కటి గుర్తుంచుకోవాలి: రెండో పెళ్ళి రికార్డులో తరచుగా చనిపోయిన భర్త పేరే ఉంటుంది, తల్లిదండ్రులవి ఉండవు. కాబట్టి మొదటి పెళ్ళి పట్టుకోవాలి.

పిల్లల పేర్లు ఎక్కువగా బాప్టిజంలో నిలబడ్డ గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్‌లవే. బిడ్డ చనిపోతే అదే పేరు తర్వాతి బిడ్డకి పెట్టేవారు. ఒక ఇంట్లో ఇద్దరు పియేర్లు కనిపిస్తే ఖననం రికార్డు చూడకుండా ముందుకు వెళ్ళకండి. కుటుంబం పేజీలో పుట్టిన తేదీ పక్కనే వారం, నెల తిరగకుండా ఖననం తేదీలు వరసగా కనిపిస్తాయి. ఆ తల్లుల గురించి ఆలోచించకుండా ఉండలేం.

డేటాబేస్‌తో సరిపెట్టుకోవద్దు. అందులో పేర్ల స్పెల్లింగు ఒకే తీరుగా మార్చి ఉంటుంది, అసలు ఫాదరీ ఏం రాశాడో స్కాన్‌లోనే తెలుస్తుంది. నేను ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వెబ్‌సైటులో, ద్రూయెన్ సేకరణలో (పాత చర్చి రిజిస్టర్ల ఫోటోలు) చూస్తాను. పాత చేతిరాతలో నెల బదులు 7 అంకె వేసి పక్కన ‘బ్ర్’ అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు (లాటిన్‌లో ‘సెప్టెమ్’ అంటే ఏడు). 8 అయితే అక్టోబరు. చాలా రికార్డుల చివర ‘సంతకం చేయడం రాదన్నారు’ అనే వాక్యం ఉంటుంది. ఫ్రాన్స్‌లోని పెర్ష్ ప్రాంతం నుంచి వచ్చిన వడ్రంగి జకారీ క్లూతియే సంతకం బదులు గొడ్డలి బొమ్మ గీసేవాడు. పీఆర్‌డీహెచ్ లెక్క ప్రకారం 1800 నాటికే ఆయన సంతతి 10,850 మంది. అందుకే ఒకే పూర్వీకుడు నాలుగైదు శాఖల్లో ఎదురైతే కంగారు పడక్కర్లేదు.

మీ కుటుంబం అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ మిల్లులకి వలస వెళ్ళి, ఫ్రెంచి ఇంటిపేరు ఇంగ్లీషులోకి మారి, అంటే రువా (రాజు) కింగ్‌గా, బువావేర్ (పచ్చని అడవి) గ్రీన్‌వుడ్‌గా మారి ఉంటే వెంటనే డబ్బు కట్టకండి. క్యూబెక్‌లో జరిగిన చివరి పెళ్ళి ఏదో ముందు ఉచిత స్కాన్లలో తేల్చుకోండి. అది 1849 తర్వాతదైతే వధూవరుల తల్లిదండ్రుల పేర్లతో ఇంకో తరం వెనక్కి వెళ్ళి, అప్పుడు సభ్యత్వం తీసుకోండి.