ఎక్స్‌రే టెక్నాలజిస్టు చదువు: కమ్యూనిటీ కాలేజీయా, ఆసుపత్రి కోర్సా?

అమెరికాలో ఈ రెండు దారులూ ఏఆర్‌ఆర్‌టీ (ఎక్స్‌రే టెక్నాలజిస్టులకు సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థ) పరీక్ష దగ్గరే కలుస్తాయి. అసలు తేడా డిగ్రీ దగ్గరుంది. 2015 నుంచి ఆ పరీక్ష రాయాలంటే కనీసం అసోసియేట్ డిగ్రీ (బ్యాచిలర్ డిగ్రీకి కింది మెట్టు) ఉండాలి. కమ్యూనిటీ కాలేజీ దాన్ని తనే ఇస్తుంది. ఆసుపత్రి కోర్సులో చాలాచోట్ల వచ్చేది సర్టిఫికెట్టే. ఇండియా డిగ్రీ చూపించి చేరాలనుకునే మనవాళ్లు, అది చెల్లుతుందో లేదో ఫీజు కట్టకముందే ఏఆర్‌ఆర్‌టీని అడగాలి.

కాలేజీవాళ్లు చెప్పే ‘రెండేళ్లు’ మాత్రం నమ్మకండి. అనాటమీ, ఆల్జీబ్రా లాంటి ముందస్తు సబ్జెక్టులు ఆ లెక్కలో ఉండవు.

క్లినికల్ పని ఇద్దరికీ ఒకటే: 2022 నిబంధనల్లో తప్పనిసరిగా చేయాల్సిన ఎక్స్‌రే రకాలు 36, జాబితాలోంచి ఎంచుకునేవి 15. కాలేజీ విద్యార్థులు సాధారణంగా ఆసుపత్రులు మారుతుంటారు, రకరకాల మెషీన్లు చూస్తారు. ఆసుపత్రి కోర్సులో ఒకేచోట ఉండటంతో చేయి త్వరగా కుదురుతుంది. మోకాలి లేటరల్ వ్యూనే (పక్కనుంచి తీసే ఎక్స్‌రే) తీసుకోండి: మోకాలు 20–30 డిగ్రీలు వంచి, ఎక్స్‌రే ట్యూబును తలవైపు 5–7 డిగ్రీలు వాల్చాలి. మరిచిపోతే తొడ ఎముక కాండైల్స్ (కింది చివరనుండే రెండు గుండ్రటి ఉబ్బులు) ఒకదానిమీదొకటి పడవు, కీలు సందు కనిపించదు. విద్యార్థి మళ్లీ తీయాలంటే టెక్నాలజిస్టు పక్కనే నిలబడాలి. జేఆర్‌సీఈఆర్‌టీ (ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న కోర్సుల్లో ఇది నియమం.

చేతిలో చెల్లే డిగ్రీ లేకపోతే కాలేజీయే మేలు.