ఒక్క చుక్క కింద అరవై ఒక్క చీటీలు: నాలుగు పత్తి సీజన్లు స్కాటర్ వాడాక

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎట్లా ఎక్కించుకోవాలి, అందులో బొమ్మలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌లో, అంకెలను చుక్కలుగా చూపే స్కాటర్ ప్లాట్‌కు ఏ లైన్ రాయాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను రాస్తున్నది అందులో ఉన్న ఒకే ఒక్క సౌకర్యం గురించి. దాని పేరు ఆల్ఫా. చుక్క ఎంత చిక్కగా కనబడాలో చెప్పే అంకె అది, సున్నా నుంచి ఒకటి దాకా. దీన్ని నేను మూడు సీజన్లు ముట్టుకోలేదు. నాలుగో సీజన్‌లో ఇది నా పరువు కాపాడింది. అయితే ఆ రోజు ఎంత మెచ్చుకున్నానో ఇప్పుడు అంత మెచ్చుకోవడం లేదు, అది కూడా చెప్తాను.

పరకాల దగ్గర మా ఊరి రైతుల సంఘానికి లెక్కలు రాస్తాను. పత్తి అమ్మినవాళ్లు తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలు, తెచ్చిస్తారు. తేదీ, తేమ, ధర, తూకం కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. 2021కి ముందు సగటు తీసి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించేదాన్ని. ఆ కాగితం ముందు నిలబడి ఎవరూ రెండో నిమిషం చూసేవారు కాదు. సగటు ధర అన్నది ఎవరి ధరా కాదు కదా. యార్డులో జెండా పాట కూడా అంతే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఆ రోజు అందరికంటే మంచి లాటుకు పలికిన ధర పేపర్లో వస్తుంది, మనం అది చూసి బండి కడతాం. మన సరుకుకు వచ్చేది వేరే.

స్కాటర్ ప్లాట్ నాకు నచ్చింది అందుకే. అడ్డంగా తేమ, నిలువుగా ధర, ఒక చీటీకి ఒక చుక్క. ఎవరి చీటీ వాళ్లకు అందులో ఉంటుంది. బార్లు గీసినా, సగటు తీసినా మనుషులు కలిసిపోతారు, ఇక్కడ ఎవరికి వాళ్లు విడిగా నిలబడతారు. మాట్‌ప్లాట్‌లిబ్‌ను మొదలుపెట్టిన జాన్ హంటర్ మెదడు మీద పరిశోధన చేసే మనిషి, మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూసుకోవడానికి ఇట్లాంటి బొమ్మలతో పని పడి 2003లో దీన్ని బయటికి తెచ్చాడు. 2012లో చనిపోయాడు. ఆయన రాసిపెట్టిన దాంట్లో మా ఊరి పత్తి చీటీలు పడుతున్నాయంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

మూడేళ్లు ఈ మాటే అందరికీ చెప్పాను: చీటీకో చుక్క.

2024-25 సీజన్ చివర్లో రైతు వేదికలో మీటింగు పెట్టాం. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ లెక్క ప్రకారం తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత, 12 దాటితే కొనరు. మా దగ్గర 412 చీటీలు ఉన్నాయి. రాత్రికి రాత్రి బొమ్మ తయారుచేశాను. ప్రైవేటుకు అమ్మినవి నీలం, సర్కారు కేంద్రంలో అమ్మినవి నారింజ. తెల్ల గోడ మీద ప్రొజెక్టర్ వేస్తే బాగా వచ్చింది. నీలం చుక్కలు చల్లినట్టు గోడంతా ఉన్నాయి. నారింజవి పైన ఐదు, మెట్ల మాదిరిగా దిగుతూ.

ఆ బొమ్మ చూపిస్తూ ఒక మాట అనేశాను: "మనవాళ్లల్ల తేమ పన్నెండు లోపల తెచ్చినోళ్లు తక్కువే." ఎవరూ కాదనలేదు. వెనక కూర్చున్న ఇద్దరు, అయితే పరదాలు కొని రెండు రోజులు ఆరబోసుడు ఎందుకు, చేన్ల నుంచే ప్రైవేటుకు తోలుదాం అని మాట్లాడుకోవడం కూడా మొదలుపెట్టారు.

అప్పుడు ముందు వరుసలో ఉన్న కాక లేచాడు. "గిండ్ల నాది ఏడున్నది బిడ్డా? నేను సర్కారు కాంటాకే ఏసిన. పన్నెండు తేమ."

కట్టె పుల్లతో చివరి నారింజ చుక్క చూపించాను. "ఇదే కాకా, మీది."

పక్కనున్నాయన అన్నాడు, "అది నాది. నాది గూడ పన్నెండే." ఆడవాళ్ల వైపు నుంచి ఒక పెద్దమ్మ, "నాదీ గంతే వచ్చింది, ఏడు వేల రెండు వందల ఇరవై" అంది. ఇంకొకరు. ఇంకొకరు. ఒకే చుక్క దగ్గరికి ఐదుగురు వచ్చారు. ఆఖరుకు కాక అడిగింది నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది: "అంటే సర్కారుకు అమ్మింది ఐదుగురమేనా? ఆ రోజు నా ముంగట లైన్ల ముప్పై బండ్లు ఉండె."

నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానని మీటింగు ఆపేశాను.

ఇంటికి వచ్చి లెక్క తీస్తే అర్థమైంది. సర్కారు కేంద్రం చీటీలు 143. తేమ చీటీ మీద పూర్ణాంకంగానే ఉంటుంది: 8, 9, 10, 11, 12. ధర తేమను బట్టి ఒకటే లెక్క: 7,521 నుంచి దిగుతూ 12 దగ్గర 7,220. మావన్నీ ఒకే రకం కింద వచ్చాయి. ఐదు తేమలకు ఐదు ధరలు, అంటే గోడ మీద ఐదే ఐదు చోట్లు. 143 మంది ఆ ఐదు చోట్ల ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. కాక చుక్క కింద 61 చీటీలు ఉన్నాయి. ప్రైవేటు ధరలు బేరాన్ని బట్టి మారుతాయి కాబట్టి 269 చీటీలు చెదిరి గోడంతా కనిపించాయి. మొత్తంలో కనీసం మూడోవంతు మంది 12 లోపల తెచ్చారు, నేనేమో తక్కువే అని చెప్పాను.

ప్రోగ్రాం తప్పు చేయలేదు. 61 సార్లు చుక్క పెట్టమంటే 61 సార్లూ పెట్టింది, ఒకే చోట. ఇక్కడ గుట్ట పడిందని మాత్రం ఎక్కడా చెప్పదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, బొమ్మ చూడ్డానికి ఏ లోటూ ఉండదు. నా కోపం దీని మీదే. చీటీకో చుక్క అని మూడేళ్లు చెప్పిన నాకు, చుక్కకో చీటీ అనే భరోసా అందులో లేదని అప్పుడు తెలిసింది. వెనకటి మూడు సీజన్ల బొమ్మలూ తీసి చూశాను. వాటిలోనూ ఇదే.

ఆ రాత్రి ఆల్ఫా 0.1 అని రాసి మళ్లీ నడిపాను. అప్పుడు వచ్చిన బొమ్మను చూస్తూ చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నూలును రంగులో ఒకసారి ముంచితే లేతగా, మళ్లీ మళ్లీ ముంచితే ముదురుగా ఎట్లా వస్తుందో అట్లా, ఐదు మెట్లు ఐదు రంగుల్లో దిగాయి. 8 దగ్గర పలచగా, 10 దగ్గర చిక్కగా, కుడివైపు చివరికి వచ్చేసరికి నిండు నారింజ. మావాళ్లు 12 గీత అంచుకు తెచ్చి నిలబెట్టారు, ఇంకొక్క ఎండ తగిలితే క్వింటాలుకు డెబ్బై ఐదు రూపాయలు ఎక్కువ వచ్చేది. ఒక్క అంకె మారిస్తే ఇది కనబడింది. తెల్లారి మళ్లీ గోడ మీద వేసి, నిన్న నేను చెప్పింది తప్పని చెప్పి, ఈ రంగుల అర్థం వివరించాను. కాక తన మెట్టు చూసుకుని, "గిప్పుడు మేమందరం ఉన్నం" అన్నాడు.

నిరుడైతే ఈ సమీక్ష ఇక్కడితో ఆపేసి, ఆల్ఫాకు దండం పెట్టేదాన్ని. ఏడాది వాడాక దాని హద్దులు తెలిశాయి.

ఒకటి, రంగు కూడికలా పెరగదు. ఆల్ఫా 0.1 ఉంటే ఒక చుక్కకు పది శాతం చిక్కదనం, రెండు పడితే ఇరవై కాదు, పంతొమ్మిది. మిగిలిన ఖాళీలో పదోవంతే ప్రతిసారీ నిండుతుంది. 9 చీటీలున్న మెట్టు 61 శాతం దగ్గర ఉంటుంది, 22 ఉన్నది 90 దగ్గర. మరి 37 ఉన్న 11వ మెట్టు 98, 61 ఉన్న 12వ మెట్టు వందకు వెంట్రుకవాసి. ఈ రెండింటికీ కంటికి తేడా లేదు. నేను ఆ రాత్రి మురిసిపోయిన నిండు నారింజలో 24 మంది తేడా ఇంకా దాగే ఉంది. 0.03కు తగ్గిస్తే ఆ తేడా తెలుస్తుంది.

తెలుస్తుంది గానీ, ఇంకొకరు మాయమవుతారు. నాకు ఎక్కువ బాధ అనిపించేది ఇక్కడే. వానకు తడిసిన పత్తి 16 తేమతో ప్రైవేటుకు 5,200కే ఇచ్చేసిన ఒక పెద్దమ్మ ఉంది. ఆ ధరకు ఆమె ఒక్కతే. 0.03 దగ్గర ఆమె చుక్క పట్టపగలు గోడ మీద లేనట్టే. గుంపును చూపించే అంకె ఒంటరిని చెరిపేస్తుంది, ఆ ఒంటరి మనిషే ఆ ఏడాది అందరికంటే ఎక్కువ నష్టపోయింది. అందుకే ఇప్పుడు ఆల్ఫా ఒక్కదాన్నే నమ్మి బొమ్మ బయటపెట్టను. మొదట లోపల ఖాళీగా ఉండే వలయాలతో ఒకటి గీస్తాను, అందులో ఒంటరి చుక్కలు బాగా కనబడతాయి. ఆ తర్వాతే పలచటిది.

చుక్కలను కావాలని అటూ ఇటూ కొంచెం జరిపే జిట్టర్ కూడా వాడి చూశాను. గుట్ట విడిపోయి 61 మందీ కనబడతారు, మా ఊరివాళ్లకు అది బాగా నచ్చింది. కానీ 12 దగ్గరివి కొన్ని గీత దాటి 12.3 దగ్గర పడ్డాయి. అదే కాక, "నాది దాటలే గద, దాటితే కొంటుండెనా?" అన్నాడు. నిజమే. గీతను 12.5 దగ్గరికి జరిపి, చుక్కలు చూడ్డానికి జరిపినవని కింద రాసిపెట్టాల్సి వచ్చింది. అసలు అంకెను ముట్టుకున్నానన్న ఇబ్బంది నాకు పోలేదు.

అనుకోకుండా ఆదుకున్నది చుక్క సైజు అంకె, ఎస్. కొత్తలో అందరూ దీన్ని తిట్టుకుంటారు, నేనూ తిట్టుకున్నాను. అది వెడల్పు కాదు, వైశాల్యం. మామూలుగా 36 ఉంటుంది, అంటే ఆరు పాయింట్ల వెడల్పు. రెట్టింపు చేస్తే చుక్క రెట్టింపు వెడల్పు కాదు. కానీ ఒక్కో చోట ఎన్ని చీటీలున్నాయో లెక్కపెట్టి ఆ లెక్కనే సైజుగా ఇస్తే, 61 చీటీల చుక్క 9 చీటీల చుక్కకు సరిగ్గా అన్ని రెట్ల జాగా తీసుకుంటుంది. 37కూ 61కీ తేడా గోడ చివర నుంచి కూడా తెలుస్తుంది. లెక్కకు ఇదే సరైనది. అయినా మనిషికో చుక్క పోతుంది గనుక మీటింగుల్లో దీన్ని ఆఖరున చూపిస్తాను.

చిన్న చిక్కులు ఇంకొన్ని. ఆల్ఫా పెట్టగానే చుక్క చుట్టూ ముదురు అంచు వస్తుంది, అంచు గీత లోపలి రంగు మీద పడటం వల్ల. అంచు మందం సున్నా చేస్తే పోతుంది. రెండు రంగులను రెండుసార్లుగా గీస్తే తర్వాత గీసింది ముందుదాన్ని కప్పేస్తుంది. వరుసలన్నీ కలిపి, తారుమారు చేసి, ఒకేసారి గీయడం మేలు. ఇక తెలుగు అక్షరాలు: మామూలు ఫాంటుతో డబ్బాలు వస్తాయి, తెలుగు ఫాంటు ఇస్తే నా దగ్గరున్న వెర్షన్‌లో "పత్తి" విడిపోయి వత్తు దేనికది పక్కన పడుతుంది. మా సంఘానికి తెలుగు లేకుండా బొమ్మ పనికిరాదు. పేర్లు లేకుండా గీసి, అక్షరాలు వేరే దాంట్లో అతికిస్తున్నాను. నాలుగేళ్లుగా ఇదే తిప్పలు.

వాడమంటారా అని అడిగితే, నాలాగా నాలుగైదు వందల చీటీలు ఉండి, చూసేవాళ్లు తమ చుక్కను తాము వెతుక్కునే మనుషులైతే వాడమంటాను. మీ అంకెలు గుండ్రంగా ఉంటే మొదటి రోజు నుంచే ఆల్ఫాతో మొదలుపెట్టండి, గీసే ముందు ఒక్కో చోట ఎన్ని పడుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. లక్షల్లో చుక్కలుంటే నా అనుభవం పనికిరాదు, గళ్లుగా విడగొట్టి రంగు వేసే హెక్స్‌బిన్ లాంటిది మీకు నయం కావచ్చు.

ఈ 2025-26 సీజన్‌లో పొడుగు పింజకు మద్దతు ధర 8,110. సంఘం తరఫున ఒక తేమ మీటరు కొన్నాం. బండి కదిలే ముందు ఊళ్లోనే చూసి, దశాంశంతో సహా రాసుకుంటున్నాం. ఇప్పటికి 18 బండ్లు పోయాయి. అడ్డంగా మా మీటరు తేమ పెట్టి నిన్న గీస్తే, 16 చుక్కలు విడివిడిగా పడ్డాయి. 11.6 దగ్గర మాత్రం రెండు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆల్ఫా 0.4 పెట్టి ఉంచాను.