స్లీవ్ తర్వాత రెండో ఆపరేషన్: బైపాసా, మినీ బైపాసా, ఇంజెక్షనా?

పెళ్ళిళ్ళలో నన్ను పక్కకి పిలిచేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. చేతిలో తాంబూలం సంచి పట్టుకుని, గొంతు తగ్గించి, "అక్కా, స్లీవ్ చేయించుకున్నా మళ్ళీ బరువు వచ్చేసింది. రెండోసారికి ఏది మేలు?" అని అడుగుతారు. పోయిన నెలలోనే శ్రీకాళహస్తి నుంచి ఒకరు, చిత్తూరు నుంచి ఇద్దరు ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేకన్నా రాసిపెట్టడమే నయమనిపించింది. స్లీవ్ అంటే బరువు తగ్గడానికి పొట్టని కోసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్. బీఎంఐ అంటే ఎత్తుని బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే అంకె. నేను డాక్టర్ని కాదు, తిరుపతిలో లెక్కల టీచర్ని. రెండుసార్లు పొట్టకి రంధ్రాలు పెట్టించుకున్నదాన్ని, అంతే.

ముందు నా అంకెలు. ఎత్తు 165 సెంటీమీటర్లు. 2016లో చెన్నైలో స్లీవ్ చేయించుకునేనాటికి 118 కిలోలు. ఏడాదిన్నరలో 78కి దిగాను. 2023 చివరికి మళ్ళీ 98, బీఎంఐ 36. 2024 ఆగస్టులో ఆ స్లీవ్‌ని రూ-ఎన్-వై బైపాస్‌గా, అంటే పొట్టని ఇంకా చిన్న సంచి చేసి పేగుని దానికి కలిపే ఆపరేషన్‌గా, మార్పించుకున్నాను. ఇప్పుడు 81. మొదటిసారి 40 కిలోలు పోతే రెండోసారి పోయింది 17. రెండో ఆపరేషన్‌కి కూడా మొదటిసారంత తగ్గుతారని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి.

బరువు మళ్ళీ ఎందుకు పెరిగిందో తేలకుండా ఆపరేషన్ల పేర్లు చర్చించడం దండగ. స్లీవ్‌లో పొట్ట ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. మిగిలిన గొట్టం కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ సాగుతుంది. కొందరిలో గొట్టం బాగానే ఉంటుంది, అలవాట్లే సాగుతాయి. నాది ఈ రెండో రకం. పళ్ళెం నిండా తినలేను కాబట్టి పద్ధతిగానే తింటున్నానని నన్ను నేను నమ్మించుకున్నా. నిజానికి స్టాఫ్ రూంలో పదకొండింటికి కాఫీ, దాంతో రెండు మురుకులు, మధ్యాహ్నం ఎవరో ఒకరు తెచ్చిన పాలకోవా, ఇంటికొచ్చాక మళ్ళీ కాఫీ. ఇవన్నీ గొట్టంలోంచి జారిపోతాయి, వాటికి అడ్డేముంది! డైటీషియన్ వారం రోజులు తిన్నదంతా రాయమంటే మూడో రోజుకే నాకు సిగ్గేసింది.

బేరియం మింగించి తీసిన ఎక్స్‌రేలో గొట్టం పెద్దగా సాగలేదని తేలింది. ఎండోస్కోపీలో మాత్రం అన్నవాహిక కింది భాగం ఎర్రగా పుండుపడి కనిపించింది. చిన్న హయాటస్ హెర్నియా, అంటే పొట్ట పైభాగం కాస్త ఛాతీలోకి జారడం, కూడా ఉందన్నారు. ఎన్ని కిలోలు తగ్గుతాం అన్న ప్రశ్న అక్కడితో నాకు వెనక్కి పోయింది. రెండో ఆపరేషన్ ఏదో తేల్చేది ఈ గుండెల్లో మంటే అని ఇప్పటికీ నా నమ్మకం.

ఎందుకో చెబుతా. స్లీవ్ తర్వాత పొట్ట సన్నటి గొట్టమైపోతుంది, లోపల ఒత్తిడి ఎక్కువ. కింద పైలోరస్ అనే తలుపు ఎప్పటిలాగే ఉంటుంది. పైన అన్నవాహిక దగ్గర బిగింపు వదులైతే ఆమ్లం పైకే తంతుంది. రాత్రి రెండింటికి నోట్లోకి పుల్లటి నీళ్ళొచ్చి, ఉక్కిరిబిక్కిరై లేచేదాన్ని. ఒక దిండు రెండైంది, రెండు నాలుగయ్యాయి, చివరికి మా ఆయన పడక్కుర్చీని హాల్లోకి తెచ్చేశారు. ఏడాదిన్నరపాటు నా నిద్ర అందులోనే. ఆమ్లం తగ్గించే ప్యాంటప్రజోల్ బిళ్ళ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆమ్లం ఏళ్ళ తరబడి తగులుతుంటే అన్నవాహిక లోపలి పొర మారిపోయి బ్యారెట్స్ అనే స్థితి రావచ్చు. దాన్నుంచి ఎక్కువమందికి క్యాన్సర్ రాకపోయినా, ముప్పు ఉన్న మాట నిజం.

రూ-ఎన్-వైలో ఆ గొట్టాన్ని పైన కోసి, 30 మిల్లీలీటర్లు పట్టేంత చిన్న సంచి మిగిల్చి, చిన్నపేగుని తెచ్చి దానికి కలుపుతారు. ఆమ్లం ఊరే భాగం చాలావరకు దారికి పక్కన పడిపోతుంది. పైత్యరసం వచ్చే పేగుని ఇంకో మీటరు, మీటరున్నర కింద కలుపుతారు. అంత దూరం నుంచి పైత్యం ఎగదన్నలేదు. హెర్నియాని కూడా అప్పుడే కుట్టేశారు. ఆపరేషన్ అయిన మూడో వారానికి నేను మంచం మీద, ఒకే దిండుతో పడుకున్నా.

మినీ బైపాస్ మీద నాకు కోపమేమీ లేదు. 1997లో అమెరికాలో రట్లెడ్జ్ అనే సర్జన్ మొదలుపెట్టింది, మన దేశంలో బాగా ఆదరణ ఉంది. రూ-ఎన్-వైలో రెండు అతుకులు, ఇందులో ఒక్కటే, ఆపరేషన్‌కి పట్టే సమయమూ తక్కువ. బరువు తగ్గించడంలో, షుగర్ దించడంలో దీనికి మంచి పేరే ఉంది. అయితే ఆ ఒక్క అతుకు దగ్గర నుంచే పైత్యరసం పారుతుంది. అప్పటికే మంటతో బాధపడేవాళ్ళకి ఆమ్లం పోయి పైత్యం పైకి వచ్చే ప్రమాదం మిగులుతుంది. పైత్యానికి ప్యాంటప్రజోల్ పనిచేయదు. నాకు రెండో అభిప్రాయం చెప్పిన డాక్టర్ మినీ వైపే మొగ్గారు. ఎండోస్కోపీ రిపోర్టు చేతికిచ్చాక ఆయనే మాట మార్చుకున్నారు.

ఇంకొకటి తిండి సంగతి. మినీలో సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్ల పేగుని దాటవేస్తారు, ప్రొటీన్, ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. మనవైపు శాకాహారులు ఎక్కువ. మాంసం తినే మా ఇంట్లో కూడా పెరటాసి నెలంతా గుడ్డు ముట్టరు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ పప్పుతో, పెరుగుతో నింపడం ఎంత కష్టమో ఆ నెలలో నాకు తెలిసొచ్చింది. మంట లేదు, షుగర్ గట్టిగా ఉంది, గుడ్డూ చికెనూ తింటారు, బరువు బాగా ఎక్కువ: అలాంటివాళ్ళు మినీ గురించి నిక్షేపంగా అడగవచ్చు.

ఇక బరువు తగ్గించే ఇంజెక్షన్లు. మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. నా ఆపరేషన్ అప్పటికే అయిపోయింది కాబట్టి "అప్పుడే దొరికుంటే?" అని చాలామంది అడుగుతారు. మంట లేని మనిషినై ఉంటే ముందు ఇదే వాడి చూసేదాన్ని. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌తో పెద్ద పరీక్షల్లో సగటున 15 శాతం, మౌంజారోలోని టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 20 శాతం దాకా బరువు తగ్గింది. అవి ఆపరేషన్ కాని మనుషుల లెక్కలు, అది గుర్తుంచుకోండి. ఆపేస్తే తగ్గినదాంట్లో చాలా భాగం తిరిగొస్తుంది. మౌంజారో వచ్చిన కొత్తలో 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు, వారానికొకటి. నెలకి పదిహేడు వేలు దాటేది. పైగా ఈ మందులు పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. నాలాంటి మంటకి ఇవి మందు కాదు, కొందరికి వికారం, పుల్లతేన్పులు ఎక్కువవుతాయి కూడా.

మిగతావి రెండు ముక్కల్లో చెప్పేస్తా. గొట్టం నిజంగా సాగినట్టు తేలి, మంట లేకపోతేనే రీ-స్లీవ్ గురించి ఆలోచించాలి, మంట ఉన్నవాళ్ళు ఆ జోలికే పోవద్దు. పేగుని ఇంకా ఎక్కువ దాటవేసే సాడీ, డుయోడినల్ స్విచ్ లాంటి ఆపరేషన్లు చాలా ఎక్కువ బరువున్నవాళ్ళకి, విటమిన్ల లోటు కూడా అంతే ఎక్కువ. ఆకలి తగ్గేలా పొట్టలో పెట్టే బెలూన్ ఆరు నెలలకో ఏడాదికో తీసేసేది, అదీ స్లీవ్ అయిన పొట్టలో పెట్టేది కాదు.

డబ్బు గురించి ఒక హెచ్చరిక. బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బరువు ఆపరేషన్‌కి బీమా రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 ఉండి తోడుగా గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోవడం), అదుపులో లేని షుగర్ లాంటివి ఉండాలి. నాది 36, షుగర్ బిళ్ళలతో అదుపులోనే ఉంది, మంట ఆ జాబితాలో లేదు. క్లెయిమ్ కొట్టేశారు. చీటీ పాడి కట్టాం.

కోలుకోవడం మొదటిసారి కన్నా కష్టం. ఒకసారి కోసి కుట్టిన చోట మళ్ళీ కోస్తారు కాబట్టి అతుకు కారే ప్రమాదం మొదటి ఆపరేషన్ కన్నా ఎక్కువ. అందుకే నేను పది రోజులు చెన్నైలో ఆస్పత్రి పక్క సందులోనే గది తీసుకుని ఉన్నా. గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, ఎడమ భుజం నొప్పి, వీటిలో ఏది వచ్చినా గంట కూడా ఆగొద్దని చెప్పి పంపారు. నాలుగో రోజు రాత్రి నాకు 112 కొట్టింది. మా ఆయన వేలికి తొడిగిన ఆక్సీమీటర్ వంకే చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నారు. పొద్దున్నే సీటీ స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. ఆ రాత్రి నేను తిరుపతిలో ఉండి ఉంటే ఎవరికి ఫోన్ చేసేదాన్నో ఊహించుకోలేను. పదకొండో రోజు కారులో తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా వచ్చాం. రక్తం గడ్డకట్టకుండా గంటకోసారి దిగి నడిచా. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పొట్టకి దిండు అదుముకున్నా.

మొదటి రెండు వారాలు నీళ్ళు, వడగట్టిన రసం, మజ్జిగ, రాగిజావ తేట. మందు కొలిచే చిన్న కప్పుతో పావుగంటకి 30 మిల్లీలీటర్లు. తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాత మెత్తటి ముద్దలు. ఐదో వారంలో నాకు సంగటి మీద మనసు పోయింది. మెత్తగానే ఉంటుంది కదా అని అత్తమ్మ గోళీకాయంత ముద్ద ఇచ్చింది. సంగటిని మనం నమలం, పులుసులో అద్ది మింగుతాం. నలభై ఏళ్ళ అలవాటు, మింగేశా. అతుకు దగ్గర కూర్చుంది. పలుగు దిగినట్టు ఎదలో నొప్పి, నోట్లో నురుగు ఊరుతూనే ఉంది. రెండు గంటలకి గానీ జారలేదు. ఇప్పుడు సంగటి తింటా, కానీ శనగపలుకంత తీసుకుని నములుతా. చూసేవాళ్ళు నవ్వుతారు.

ఆరో వారంలో మూడు రోజులు ఆగకుండా వాంతులయ్యాయి. దగ్గర్లోని నర్సింగ్ హోంకి పోతే వెంటనే గ్లూకోజ్ సెలైన్ ఎత్తబోయారు. మా ఆయన జేబులోంచి లామినేట్ చేయించిన కాగితం తీసి చూపించారు: బైపాస్ అయిన మనిషి, వాంతులుంటే ముందు బి1 ఇవ్వండి, తర్వాతే గ్లూకోజ్. బి1 అంటే తయమిన్ విటమిన్, అది అడుగంటిన ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. డ్యూటీ డాక్టరమ్మ చదివి, సరేనని బి1 ఇంజెక్షన్ తెప్పించింది. అదే కాగితంలో రెండో లైను: బ్రూఫెన్, డైక్లోఫెనాక్ జాతి నొప్పి మందులు ఇవ్వొద్దు. అతుకు దగ్గర పుండు పడుతుంది. మోకాళ్ళ నొప్పికి ఇప్పుడు నాకున్నది పారాసెటమాల్ ఒక్కటే.

లడ్డూ గురించి అడగనివాళ్ళు లేరు. మూడో నెలలో పక్కింటివాళ్ళు కొండ నుంచి తెచ్చిన ప్రసాదం అరచెక్క తిన్నా. ఇరవై నిమిషాల్లో ఒళ్ళంతా చెమట, గుండె దడ, కడుపులో మెలి. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగితే వచ్చే డంపింగ్ అది. మంచం మీద గంట పడుకుంటే గానీ తగ్గలేదు. ఇప్పుడు రెండు వేళ్ళతో చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటా.

నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది, తొమ్మిదో నెలకి రాలడం ఆగింది. బి12, ఐరన్, క్యాల్షియం జీవితాంతం. ఐరన్, క్యాల్షియం రెండూ కలిపి వేసుకోకూడదు, రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ ఉదయం ప్రేయర్ బెల్‌కి, క్యాల్షియం మధ్యాహ్నం భోజనం బెల్‌కి అని పెట్టుకున్నా. బడి లేని రోజే మర్చిపోతా.

చిత్తూరు నుంచి ఫోన్ చేసిన ఇద్దరిలో ఒకమ్మాయికి ఎండోస్కోపీ శుభ్రంగా వచ్చింది, ఇంజెక్షన్ మొదలుపెట్టింది. ఇంకొకావిడది అచ్చం నా రిపోర్టే, వచ్చే నెలలో రూ-ఎన్-వై. నిన్న మళ్ళీ ఫోన్ చేసి, "ఆ పడక్కుర్చీ ఉంటే ఇస్తారా అక్కా, అప్పటిదాకా నేను పడుకుంటా" అంది. ఆదివారం బస్సులో వేసి పంపుతున్నాం.