హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్: అంతా ఆ ముప్పావు యూనిట్ బ్యాటరీలోనే ఉంది

టొయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉన్న కారు) గురించి అందరూ ముందు అడిగేది మైలేజీ. తర్వాత చార్జింగ్ పెట్టాలా అని అడుగుతారు. అక్కర్లేదు, దీనికి ప్లగ్గే లేదు, పెట్రోలు పోస్తే చాలు. మైలేజీకి మాత్రం ఒక్క అంకెలో జవాబు చెప్పలేం. కంపెనీ చెప్పేది లీటరుకు 27.97 కి.మీ. అదే బండి ఒకరికి 24 ఇస్తుంది, ఇంకొకరికి 17 ఇస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. తేడా ఎక్కడొస్తుందో తెలియాలంటే డిక్కీ కింద ఉన్న బ్యాటరీ సంగతి తెలియాలి.

అది 177.6 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ. పట్టేది సుమారు 0.76 కిలోవాట్ అవర్, కరెంటు బిల్లు లెక్కలో ముప్పావు యూనిట్. అందులోనూ కంప్యూటరు దాన్ని అడుగంటనివ్వదు, అంచుదాకా నిండనివ్వదు. మధ్యలో కొంత భాగాన్నే తిప్పి తిప్పి వాడుకుంటుంది. అందుకే దీన్ని ఎలక్ట్రిక్ కారులా కరెంటు మీదే నడుపుదామంటే ఒకటి రెండు కిలోమీటర్లకు మించి కుదరదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టి ఉంచి, మళ్లీ కదిలేటప్పుడు ఖర్చు పెట్టడమే ఈ బ్యాటరీ పని.

ఇంజిన్ 1490 సీసీ, మూడు సిలిండర్లు, శక్తి 92 పీఎస్, లాగుడు (టార్క్) 122 ఎన్ఎం. ఇది అట్కిన్సన్ పద్ధతిలో పనిచేస్తుంది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి ప్రతి చుక్క పెట్రోలు నుంచీ ఎక్కువ పని రాబడుతుంది. బదులుగా లాగుడు తగ్గుతుంది. ఆ లోటును 80 పీఎస్, 141 ఎన్ఎం మోటారు పూడుస్తుంది, అదీ బండి నిలబడ్డ చోటు నుంచే. రెండూ కూడితే 172 రావాలి కదా అంటారు. కానీ కలిపి ఇచ్చేది 116 మాత్రమే, ఎందుకంటే ఇంజిన్ పైన బ్యాటరీ అదనంగా ఇవ్వగలిగింది 24 పీఎస్ దాకానే. ఈ 24 అంకె గుర్తుంచుకోండి, ఘాట్ రోడ్డు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

దీని ఆటోమేటిక్ గేర్‌బాక్సు పేరు ఈ-సీవీటీ. అందులో బెల్టు లేదు, పుల్లీలు లేవు, క్లచ్ లేదు, టార్క్ కన్వర్టర్ లేదు. ఒక ప్లానెటరీ గేర్ సెట్టు (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగేది), రెండు మోటార్ జనరేటర్లు, అంతే. చిన్న మోటారు ఎంత వేగంగా, ఎటు తిరుగుతుందన్న దాన్ని బట్టి ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య నిష్పత్తి మారిపోతూ ఉంటుంది. ఇంజిన్‌ను స్టార్ట్ చేసేది కూడా ఆ చిన్న మోటారే, కాబట్టి విడిగా సెల్ఫ్ మోటారు లేదు, డైనమో లేదు. మామూలు ఆటోమేటిక్‌లో అరిగే భాగాల్లో చాలావరకు ఇందులో అసలు లేనే లేవు. దీర్ఘకాలంలో ఈ బండి మీద నాకు నమ్మకం కుదరడానికి మైలేజీ కంటే ఇదే పెద్ద కారణం.

సిటీలో దీనికి ఎదురులేదు. అమీర్‌పేట నుంచి మియాపూర్ దాకా సాయంత్రం ట్రాఫిక్‌లో పోతుంటే సగం సమయం పైగా ఇంజిన్ ఆగే ఉంటుంది. నిదానంగా నడిపితే 22 నుంచి 25 వస్తుంది. అయితే చాలామంది ఇక్కడే అతి చేస్తారు. ఇంజిన్ స్టార్ట్ కాకూడదన్న పట్టుదలతో పెడల్ తాకీ తాకనట్టు నొక్కుతూ పాకిస్తారు. బ్యాటరీ రెండు గీతలకు పడిపోతుంది, అప్పుడు సిగ్నల్‌లో నిలబడి ఇంజిన్ తిరుగుతూ దాన్ని నింపుతుంది. పెట్రోలును కరెంటుగా మార్చి, ఆ కరెంటుతో మళ్లీ చక్రం తిప్పడం అంటే రెండుసార్లు నష్టం. సరైన పద్ధతి వేరు. కదిలేటప్పుడు ఇంజిన్ వచ్చినా పట్టించుకోకుండా మామూలుగా 45-50 వేగానికి తీసుకురండి. ఒక్క క్షణం కాలు పూర్తిగా తీస్తే ఇంజిన్ ఆగుతుంది. మళ్లీ తేలిగ్గా ఆనిస్తే ఆ వేగాన్ని మోటారే మోస్తుంది. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపిస్తే దూరం నుంచే మెల్లగా బ్రేకు ఆనించండి. చివర్లో గట్టిగా తొక్కితే ఆ శక్తిలో చాలాభాగం డిస్కుల వేడిగా పోతుంది.

సిగ్నల్ పడగానే న్యూట్రల్‌లో వేసే అలవాటు మన డ్రైవర్లకు బాగా ఉంది. ఈ బండిలో అది మానాలి. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరుగుతున్నా బ్యాటరీ చార్జ్ కాదు. డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు పట్టుకోండి, ఎక్కువసేపు ఆగాల్సి వస్తే పార్క్‌లో వేయండి.

ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది బ్యాటరీ కరెంటే. కాబట్టి ఇంజిన్ ఆగినా చల్లదనం ఆగదు. మేలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన బండి ఎక్కి 18 డిగ్రీలు పెడితే మాత్రం బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. ముందు అద్దాలు దించి వేడి గాలి పోనిచ్చి, 24-25లో పెట్టుకుంటే మేలు. ఎంత చేసినా ఎండాకాలం సిటీ మైలేజీ రెండు మూడు తగ్గుతుంది. ఇంకో సంగతి, ఉదయం మొదటి స్టార్ట్‌లో బ్యాటరీ నిండా ఉన్నా ఇంజిన్ కాసేపు తిరుగుతుంది. ఎగ్జాస్ట్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కాలి కదా. బడికి దింపి రావడం లాంటి రెండు కిలోమీటర్ల రాకపోకలకే వాడితే 15 దాటడం కష్టం. ఆ వాడకానికి ఈ బండి దండగ.

హైవే మీద కథ మారుతుంది. 80-90లో నిలకడగా పోతే 22 దాకా ఇస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా అనుమతి ఉంది కదా అని 110 పైన పట్టుకుంటే 17-18కి జారుతుంది. అక్కడ బ్రేకులు వేసే అవసరం ఉండదు, కాబట్టి తిరిగి పట్టుకోవడానికి శక్తీ ఉండదు. గాలి నిరోధం మాత్రం వేగం రెట్టింపైతే నాలుగింతలు అవుతుంది. ఓవర్‌టేక్‌కు పెడల్ అదిమితే ఇంజిన్ ఒక్కసారిగా పై ఆర్పీఎమ్‌కి వెళ్లి అక్కడే గోల చేస్తుంది, వేగం దాని వెనకాల తాపీగా వస్తుంది. మూడు సిలిండర్ల మోత క్యాబిన్‌లోకి బాగానే వినిపిస్తుంది. ఈ మోతే చాలామందికి నచ్చదు, వాళ్లను తప్పు పట్టలేం. పవర్ మోడ్‌లో పెడల్ స్పందన చురుగ్గా ఉంటుంది గానీ గరిష్ఠ శక్తి పెరగదు. లారీని దాటాలనుకుంటే పక్కకు రాకముందే కాస్త ముందుగా పెడల్ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక ఘాట్లు. దోర్నాల వైపు నుంచి శ్రీశైలం ఎక్కుతున్నారు, ఐదుగురు మనుషులు, నిండా సామాను. మొదట్లో 116 పీఎస్ చేతిలో ఉంటుంది. పెడల్ నిండా అదిమి పట్టుకుంటే బ్యాటరీ ఇచ్చే ఆ 24 పీఎస్ ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత బండిని లాగేది 92 పీఎస్ ఇంజిన్ ఒక్కటే. మలుపు మలుపుకీ పెడల్ సగానికి తగ్గిస్తూ పోతే బ్యాటరీకి ఊపిరి దొరుకుతుంది, లాగుడు చివరిదాకా మిగులుతుంది. దిగుడులో దీనికి తిరగేసిన సమస్య. తిరుమల నుంచి దిగేటప్పుడు కాసేపటికే బ్యాటరీ నిండిపోతుంది. ఇక కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు కాబట్టి పెట్రోలు చుక్క కాల్చకుండానే ఇంజిన్‌ను మోటారుతో గిరగిరా తిప్పి శక్తిని ఖర్చు చేస్తుంది. పెడల్ మీద కాలు లేకుండానే ఇంజిన్ అరుస్తుంటే చాలామంది కంగారు పడతారు. అది చెడిపోవడం కాదు, ఇంజిన్ బ్రేకింగ్. దిగుడు మొదట్లోనే లీవర్‌ను 'బీ'లో వేస్తే బ్రేకుల మీద భారం తగ్గుతుంది. చదును రోడ్డు మీద మాత్రం 'బీ' వాడొద్దు, లాభం లేదు.

వెనక్కి పోయేటప్పుడు ఒక పరిమితి ఉంది. రివర్స్‌లో తిప్పేది మోటారు ఒక్కటే, ఇంజిన్ సాయం చేయలేదు. పైగా బ్యాటరీ తక్కువగా ఉండి ఇంజిన్ చార్జ్ చేస్తుంటే దాని తోపుడు ముందుకే ఉంటుంది. నిటారుగా ఉన్న అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపును నిండు లోడుతో వెనక్కి ఎక్కించాలంటే ఆయాసపడుతుంది. ముందుకు ఎక్కేలా పార్క్ చేసుకోవడం మంచిది.

డబ్బు లెక్క చూద్దాం. ఇదే బండి మైల్డ్ హైబ్రిడ్ (మోటారు సాయం నామమాత్రంగా ఉండేది) ఆటోమేటిక్ సిటీలో 13 ఇస్తుందనుకుందాం, ఇది 23. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే తేడా సుమారు 335 లీటర్లు. లీటరు 107 రూపాయలు వేసుకుంటే దాదాపు 36 వేలు. కొనేటప్పటి ధర తేడాను దీనితో భాగించుకోండి, ఎన్నేళ్లలో తీరుతుందో తెలిసిపోతుంది. నెలకు అయిదారు వందల కిలోమీటర్లే తిరిగేవాళ్లకు అది తీరేసరికి బండి పాతబడుతుంది. మైలేజీ కొలిచేటప్పుడు డాష్‌బోర్డు అంకెను నమ్మొద్దు, అది కొంచెం ఎక్కువే చూపిస్తుంది. మొదటి ఆటో కట్ (పంపు దానంతటదే ఆగడం) దాకా పోయించి, బండి నడిపాక మళ్లీ మొదటి ఆటో కట్ దాకా పోయించి లెక్కేయండి. ఈ20 పెట్రోలులో (20 శాతం ఇథనాల్ కలిపినది) లీటరుకు శక్తి ఆరేడు శాతం తక్కువ, అది కూడా మనసులో పెట్టుకోవాలి. డిక్కీ చిన్నదైపోయింది, రెండు పెద్ద సూట్‌కేసులు పక్కపక్కన పడుకోవు. ఆల్ వీల్ డ్రైవ్ ఈ హైబ్రిడ్‌లో దొరకదు.

మెయింటెనెన్స్‌లో మామూలు సర్వీసు లిస్టులో కనపడనివి కొన్ని ఉన్నాయి. హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరిచేది క్యాబిన్ గాలే. వెనక సీటు దగ్గర ఆ గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది. దానికి అడ్డంగా సంచులు, దుప్పట్లు పెట్టొద్దు. దుమ్ము పట్టినప్పుడల్లా వ్యాక్యూమ్ చేయించండి. దానికి గాలి ఆడకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, మోటారు సాయం తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కి.మీ. వారంటీ ఉంది గానీ ఊపిరాడకుండా చేసి వారంటీ చూపించడం తెలివి కాదు. బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. అసలు చిక్కు అదే, వాడకం తక్కువై వానాకాలంలో డిస్కులు తుప్పు పడతాయి, కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేసి గ్రీజు పెట్టించండి, బ్రేక్ ఆయిల్ గడువుకు మార్పించండి.

హైబ్రిడ్ బ్యాటరీ ఉన్నా బండిని మేల్కొలిపేది మాత్రం చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది డౌన్ అయితే బండి కదలడానికి సిద్ధమని చెప్పే 'రెడీ' లైటు రాదు, బండి కదలదు. మామూలు జంప్ కేబుల్స్‌తో లేపవచ్చు. ఊరెళ్లి వారాల తరబడి వదిలేసేవాళ్లు, ఇంట్లో ఎవరితోనైనా వారానికోసారి 'రెడీ'లో పెట్టించి అరగంట ఉంచమనాలి, ఉత్త ఇగ్నిషన్ ఆన్ చేస్తే అది ఇంకా దిగుతుంది. దారిలో ఆగిపోతే ముందు చక్రాలు నేలమీద దొర్లేలా తాడు కట్టి లాక్కెళ్లడం కుదరదు. చక్రాలు తిరిగితే లోపల మోటారు కరెంటు పుట్టిస్తుంది, ట్రాన్సాక్సిల్ (గేర్లు, మోటార్లు ఉండే పెట్టె) దెబ్బతింటుంది. ఫ్లాట్‌బెడ్ బండే కావాలని ఫోన్‌లో ముందే చెప్పండి. వరద నీళ్లలో మునిగి ఆగితే స్టార్ట్ బటన్ జోలికి పోకండి, బానెట్ కింద కనిపించే నారింజ రంగు హై వోల్టేజీ కేబుళ్లను మెకానిక్‌ని కూడా తాకనివ్వకండి.