ఒక ముద్ద గుర్రం, ఐదు నెలల మంచు

జపాన్‌లో పందెపు గుర్రంలో చిన్న వాటా కొనుక్కోవడాన్ని హితోకుచి అంటారు. ఒక్కసారి నోటికి పట్టేంత అని అర్థం. మన మాటలో చెప్పాలంటే ఒక ముద్ద. ఉత్తర జపాన్‌లోని సప్పోరోలో ఉద్యోగం చేసుకుంటున్న నాకు అలాంటి ముద్దలు రెండున్నాయి. ఒకటి నల్లటి మగగుర్రం. రెండోది గోధుమరంగు ఆడగుర్రం, నుదుటిమీద బొట్టంత తెల్ల మచ్చ ఉంటుంది. ఇంట్లో మేము వాటిని పెద్దవాడు, చిన్నది అనే పిలుచుకుంటాం. క్లబ్బు పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేవాటిలో ఒక ఫిర్యాదు ఉంది.

క్లబ్బు సేవ ఎలా ఉందో తేల్చుకోవాలంటే చలికాలంలోనే చూడాలి. వేసవిలో ఏ క్లబ్బయినా బాగానే ఉంటుంది. సప్పోరో, హకొదతే రేసుకోర్సుల్లో పందేలు జరుగుతుంటాయి, వెళ్లి గుర్రాన్ని కళ్లారా చూసుకోవచ్చు, ఫారాలు సందర్శకులను రానిస్తాయి. నవంబరు వచ్చిందంటే అన్నీ ఆగిపోతాయి. సప్పోరోలో ఏటా దాదాపు ఐదు మీటర్ల మంచు కురుస్తుంది. ఇక్కడి రేసుకోర్సు మంచు కింద పడుకుంటుంది. పందేలన్నీ దక్షిణాన నకయామ, క్యోతో, చుక్యో, కొకుర లాంటి చోట్లకు తరలిపోతాయి. నా దగ్గర మిగిలేది క్లబ్బు పంపే నివేదిక ఒక్కటే. నవంబరు నుంచి మార్చి దాకా నెలనెలా నేను డబ్బు కట్టేది ఆ నాలుగు వాక్యాలకే.

ఆ డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. నా గుర్రాలు రెండూ 400 వాటాలవి. చిన్నదాని వాటా 60,000 యెన్లు. సభ్యత్వ రుసుము నెలకు 3,300. మేత, శిక్షణ ఖర్చులో నా భాగం ఒక్కో గుర్రానికి సుమారు 1,600. ఏడాదికోసారి బీమా. సొంతంగా గుర్రం ఉంచుకోవాలంటే జపాన్ రేసింగ్ అసోసియేషన్ దగ్గర యజమానిగా నమోదు కావాలి. దానికి ఏడాదికి 1 కోటి 70 లక్షల యెన్ల ఆదాయం, 7.5 కోట్ల యెన్ల ఆస్తి చూపించాలి. నాలాంటివాళ్లకు అది అయ్యే పని కాదు. అందుకే ఈ క్లబ్బులు. చట్టం ప్రకారం నేను యజమానిని కాను, పెట్టుబడి పెట్టిన మనిషిని మాత్రమే. జాకీ వేసుకునే రంగులు క్లబ్బువి. ట్రైనర్‌కు ఫోను చేసే హక్కు నాకు లేదు. లాభం వస్తుందా అని అడిగేవాళ్లకు ఒక్క మాట: ఆల్మండ్ ఐ అనే పేరుమోసిన గుర్రం కూడా ఇలాంటి క్లబ్బు గుర్రమే, 500 వాటాలు, ఒక్కోటి 60,000 యెన్లు. అది 190 కోట్ల యెన్లకు పైగా గెలిచింది. అలాంటిది మళ్లీ మన వాటాకే వస్తుందని లెక్క వేసుకుని మాత్రం ఎవరూ చేరవద్దు.

ఇక నివేదికల విషయం. ట్రైనర్ దగ్గరున్న గుర్రం గురించి వారం వారం రాస్తారు. ఫారంలో ఉన్నదాని గురించి నెలకు రెండుసార్లు. మొదటి చలికాలం నాకు వచ్చిన జపనీస్‌తో అవి అర్థమయ్యేవి కావు. నిఘంటువులో ప్రతి మాటా ఉంటుంది కానీ అసలు సంగతి అందులో దొరకదు. ఉదాహరణకు 15-15 అని రాస్తారు. 200 మీటర్లను 15 సెకన్ల చొప్పున పరిగెత్తించారని అర్థం. పందెపు శిక్షణలో అది మొదటి గట్టి మెట్టు. ఒక పిల్ల వారానికి రెండుసార్లు 15-15 చేస్తోందంటే ఇక ట్రైనింగ్ సెంటర్‌కు పంపడం గురించి ఆలోచిస్తున్నారన్నమాట. ఉమనారి అంటే జాకీ ఒత్తిడి చేయకుండా గుర్రం తన ఇష్టంతో పరిగెత్తడం. ఇప్పయ్ అంటే ఉన్న శక్తినంతా పిండడం. ఒకే దూరాన్ని అన్నే సెకన్లలో పరిగెత్తిన రెండు గుర్రాల్లో ఒకదాని పక్కన ఉమనారి అనీ, ఇంకోదాని పక్కన ఇప్పయ్ అనీ ఉంటే వాటి సత్తాలో ఎంత తేడా ఉందో చదివినవాళ్లకు తెలిసిపోతుంది.

అంకెలు నేర్చుకోవడం తేలిక. మర్యాద మాటలు అర్థం చేసుకోవడం కష్టం. ‘బలవంతపెట్టకుండా ముందుకు తీసుకెళ్తున్నాం’ అంటే ఏదో కాలు వాళ్లను కలవరపెడుతోంది. ‘ఎదుగుదలకు సమయం ఇస్తున్నాం’ అంటే పని ఆపేశారు. ‘మనసు కొంచెం మొండిగా ఉంది’ అంటే గేటు దగ్గర పేచీ పెడుతోంది. నాలుగు చలికాలాలు చదివాక ఇప్పుడు నాకు వాక్యం చివర క్రియ చూస్తేనే కడుపులో ఏదో కదులుతుంది. మా క్లబ్బులో నివేదికలు రాసేవాళ్లు మంచి రచయితలని ఈ సందర్భంగా చెప్పాలి. డిసెంబరులో చిన్నదాని గురించి ఇలా వచ్చింది: ‘చలికాలపు వెంట్రుకలు బాగా పెరిగాయి, చూడటానికి ఎలుగుబంటి పిల్లలా ఉంది, తొట్టెలో ఒక్క గింజ కూడా వదలడం లేదు.’ హైదరాబాదులో ఉన్న మా అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. “తిండి తింటోంది కదమ్మా, ఇంకేం భయం లేదులే” అంది.

డిసెంబరు రెండో వారంలో ఫారానికి వెళ్లాను. చలికాలంలో కొన్ని ఫారాలు ముందుగా అడిగి వచ్చే కొద్దిమందిని రానిస్తాయి, క్లబ్బు ద్వారానే అడగాలి. చిన్నది ఉన్నది హిదకలో, పసిఫిక్ తీరాన. ఒకప్పుడు సముద్రం పక్కనే సాగే రైలు ఉండేది. 2015లో అలలు కట్టను కోసేశాయి. ముకవ నుంచి సమని దాకా ఉన్న మార్గాన్ని 2021 ఏప్రిల్‌లో పూర్తిగా మూసేశారు. ఇప్పుడు బస్సే దిక్కు. సప్పోరోలో మోకాలి లోతు మంచు వదిలి రెండున్నర గంటలు ప్రయాణం చేస్తే అక్కడ గడ్డి కొనలు కనబడేంత పలచని మంచు. గుర్రాల పెంపకం ఈ తీరంలో స్థిరపడటానికి అదొక కారణం. మంచు తక్కువే కానీ నేల మాత్రం రాయిలా గడ్డకడుతుంది. అందుకే గుర్రాలను కప్పు ఉన్న ట్రాక్‌లో, ఎత్తుకు సాగే దారిలో పరిగెత్తిస్తారు.

చిన్నది పని ముగించుకుని బయటకు వచ్చింది. వీపు మీది నుంచి ఆవిరి లేస్తోంది, అప్పుడే మూత తీసిన అన్నపు గిన్నె మీద లేచినట్టు. ముక్కు చుట్టూ ఉన్న సన్నటి మీసాలకు ఊపిరి తగిలి తెల్లటి గింజలు కట్టాయి. చూసుకునే అమ్మాయి వెనక్కి వంగి ఒక కాలు ఎత్తి, ఇనుప కొక్కెంతో డెక్కలో గట్టిపడిన మంచు ముద్దను తవ్వి తీసింది. లాడం లోపల మంచు అలా ఉండ కట్టుకుపోతే గుర్రం ఎత్తు చెప్పులు వేసుకున్నట్టు తూలుతుందట. ముద్ద ఊడి సిమెంటు మీద టక్కుమని పడింది. ఎడమ ముంగాలు ఎత్తినప్పుడు చిన్నది ఒక్క క్షణం ఆగింది. అది నేను చూశాను. అడగలేదు. సందర్శకులు ఆరోగ్యం గురించి ప్రశ్నలు వేయకూడదని క్లబ్బు నియమాల్లో రాసి ఉంటుంది, అందుకని అడగలేదు. ఆ నియమం ఎందుకుందో అర్థమవుతుంది. ఫారం పనివాళ్ల మాట ఒకటి, క్లబ్బు నివేదిక మాట ఒకటి అయితే గొడవలు వస్తాయి. అయినా ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

నా ఫిర్యాదు దీని తర్వాతి సంగతి గురించే. డిసెంబరు 31 నివేదికలో అంతా బాగుంది, వారానికి మూడుసార్లు 15-15. జనవరి 15న వీడియో పెట్టారు, అందులో చిన్నది చక్కగా ఎగువకు పరిగెడుతోంది. మరో నాలుగు రోజులకు విడిగా ఒక ప్రకటన వచ్చింది: పది రోజుల కిందట ఎడమ ముంగాలిలో వేడి కనిపించింది, ఎక్స్‌రే తీయించాం, ఎముకకు చిన్న పగులు, పని ఆపేశాం. అంటే 15న నేను మూడుసార్లు తిప్పి తిప్పి చూసిన వీడియో నాటికి ఆ పిల్ల కొట్టంలో నిలబడి ఉంది. వీడియో అంతకు ముందే తీసింది. తారీఖు ఎక్కడా వేయలేదు.

క్లబ్బుకు రాశాను. ‘నిర్ధారణ అయ్యాకే సభ్యులకు తెలియజేయడం మా పద్ధతి’ అని రెండు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది. వైద్యుడు చెప్పకముందే రోగం పేరు పెట్టమని నేను అడగలేదు. ‘కాలిలో వేడి ఉంది, చూపిస్తున్నాం’ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. మూడేళ్ల గుర్రానికి ఆ పది రోజులు చిన్న విషయం కాదు. ఇంకా ఒక్క పందెమూ గెలవని మూడేళ్ల పిల్లలకు విడిగా జరిపే పందేలు వేసవి చివరితో అయిపోతాయి. అప్పటికీ గెలవకపోతే చాలావరకు స్థానిక రేసులకు పంపడమో, విరమింపజేయడమో తప్పదు. గెలవని పిల్లకు చలికాలంలో పోయిన ప్రతి వారం ఆగస్టులో బాకీలా ఎదురవుతుంది. ఆ సంగతి సభ్యులకు తెలుసు. తెలిసినవాళ్ల దగ్గర దాచాల్సిన పని లేదు. ఈ ఒక్క విషయంలో క్లబ్బుకు నేను తక్కువ మార్కులే వేస్తాను. మిగిలిన క్లబ్బుల్లో వాటాలున్న ఇద్దరు స్నేహితులు తమ దగ్గరా ఇంతేనని చెప్పారు.

పెద్దవాడి చలికాలం వేరు. అతను ఉండేది టోక్యో పక్కన ఇబరకిలోని మిహో ట్రైనింగ్ సెంటర్‌లో. అక్కడి ఎత్తు దారిని 2023లో తవ్వి లోతు పెంచారు, కింది నుంచి పైకి ఇప్పుడు 33 మీటర్ల ఎత్తు. అంతకుముందు 18 మాత్రమే ఉండేది. పెద్దవాడి వెనక కాళ్లకు కండ పట్టింది ఆ దారి మీదేనని ట్రైనర్ మాటగా నివేదికలో వచ్చింది. జనవరిలో ఒక శనివారం నకయామలో 1800 మీటర్ల మట్టి పందేనికి పేరు ఇచ్చారు. గెలిస్తే విజేత పక్కన నిలబడి తీసుకునే ఫోటోను కుచితోరి అంటారు. దానికి సభ్యులు దరఖాస్తు పెట్టుకోవాలి, చీటీ వేస్తారు, కొద్దిమందికే చోటు. నాలుగేళ్లలో మొదటిసారి నా పేరు వచ్చింది.

శనివారం తెల్లవారుజామున షిన్ చితోసె విమానాశ్రయానికి వెళ్లేసరికి అద్దాల అవతల రన్‌వే కనబడటం లేదు. విమానం ఒక గంట ఆలస్యమన్నారు, తర్వాత రెండు గంటలన్నారు, పదిన్నరకు రద్దు చేశారు. క్లబ్బు వారాంతపు నంబరుకు ఫోను చేశాను. ముందుగా చెప్పకుండా రాకపోతే కొంతకాలం కుచితోరి హక్కు పోతుంది. అవతలి ఆవిడ వాతావరణ వార్త అప్పటికే చూసి ఉంది. “మీ పేరు మీద ఏమీ రాయను, అక్కడి నుంచే గట్టిగా చూడండి” అంది. ఆ ఒక్క మాటకు క్లబ్బు మీద నాకున్న గౌరవం చాలా పెరిగింది.

ఫోనులో చూశాను. ముందు గుర్రాల బరువులు వచ్చాయి, పెద్దవాడు పోయినసారికంటే 8 కిలోలు ఎక్కువ. చలికాలంలో అది ఫరవాలేదు. ఆ రోజు ట్రాక్ గడ్డకట్టకుండా మందు చల్లామని ప్రకటించారు. ఆ మందు కలిసిన మట్టి బరువుగా, జిగటగా ఉంటుంది. ముందున్నవాటి డెక్కల నుంచి ఎగిరి వెనకవాటి ముఖానికి అతుక్కుంటుంది. ముఖం మీద మట్టి పడితే పెద్దవాడికి నచ్చదు. జాకీకి కూడా ఆ సంగతి తెలుసు కాబోలు, మొదటి మలుపుకే బయటి వైపుకు తెచ్చి మూడో స్థానంలో ఉంచాడు. నకయామ మట్టి ట్రాక్‌లో ఆఖరి నేరుదారి 308 మీటర్లే, అందులోనూ నిలువు ఎక్కుడు. ఎక్కుడు దగ్గర ముందున్న రెండూ నెమ్మదించాయి. పెద్దవాడు నెమ్మదించలేదు. మెడ ముందుకు చాచి, చెవులు వెనక్కి వేసి, ఒక్కో అడుగూ తవ్వుకుంటూ వచ్చాడు. గుర్రం నిడివిలో ముప్పావు వంతు తేడాతో గెలిచాడు. రద్దయిన విమానం గేటు ముందు నల్ల కోటు వేసుకుని నిలబడి నేను ఏడ్చాను. పక్క కుర్చీలోని పెద్దాయన ఏమీ అడగకుండా జేబులోంచి టిష్యూ పేపర్ల పొట్లం తీసి ఇచ్చాడు.

బహుమతిలో ట్రైనర్‌కు పదో వంతు, జాకీకి, చూసుకునే మనిషికి చెరి ఐదు శాతం పోతాయి. తర్వాత క్లబ్బు కోత, పన్ను. అన్నీ పోగా నా ఖాతాలో పడినది నాలుగైదు నెలల ఖర్చుకు సరిపోతుంది. రెండు వారాల తర్వాత క్లబ్బు నుంచి ఒక కవరు వచ్చింది, కుచితోరి ఫోటో. నేను లేని ఫోటోయే. పంపమని నేను అడగలేదు. మంచుగాలిలో పదకొండు మంది అపరిచితులు, మధ్యలో మూతి నిండా మట్టితో మా పెద్దవాడు.

మంచు ఇలా చేయడం కొత్త కాదు. 2014 ఫిబ్రవరిలో టోక్యోలో భారీగా మంచు కురిసి రేసుకోర్సులో వరుసగా రెండు వారాంతాలు పందేలు ఆగిపోయాయి. క్యోదో త్సూషిన్ హయ్ అనే పందెం 24వ తేదీకి, సోమవారానికి, వాయిదా పడింది. అది గెలిచిన ఇస్లా బొనీత కూడా వాటాల గుర్రమే, ఆ వసంతంలో సత్సుకి షో అనే పెద్ద పందెం కూడా గెలిచింది. మలక్‌పేట రేసుకోర్సు గోడ పక్కనుంచి బడికి వెళ్లిన నాకు చలికాలపు పందేలంటే పొగమంచు, ఎండ మాత్రమే తెలుసు. ఇక్కడ మంచు కురిస్తే పందేల తారీఖులే మారిపోతాయి.

చేరాలనుకునేవాళ్లు ఎవరైనా అడిగితే చేరమనే చెబుతాను. జపనీస్ చదవగలిగి, ఏడాదికి లక్ష యెన్ల దాకా పోయినా బాధపడనివాళ్లకు మాత్రమే. వాటా కొనేముందు ఒక పని చేయండి. క్లబ్బు సైట్‌లో గెలిచిన గుర్రాల పేజీలు కాదు, గాయపడి నిలిచిపోయిన గుర్రం పేజీ ఒకటి తెరిచి జనవరి, ఫిబ్రవరి నివేదికలు చదవండి. తారీఖులు చూడండి.

చిన్నది ఫిబ్రవరి అంతా కొట్టంలోనే ఉంది. మార్చి మొదట్లో యంత్రం మీద నడిపించడం మొదలుపెట్టారు. మార్చి 31 నివేదిక మూడు వాక్యాలు: కాలిలో వేడి లేదు, మనిషిని ఎక్కించుకుని తేలికగా కదులుతోంది, చలికాలపు వెంట్రుకలు రాలిపోతున్నాయి. ఈసారి వీడియో కింద తీసిన తారీఖు వేశారు. మే నెల సందర్శనకు దరఖాస్తు పెట్టాను.