రోజుకు రెండు చాలు: హైదరాబాద్ మ్యూజియాల మూడు రోజుల లెక్క

హైదరాబాద్‌కు టికెట్లు తీసుకునే ముందు శుక్రవారం ఎప్పుడొచ్చిందో చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, ఈ నాలుగింటికీ సెలవు ఆ రోజే. గురువారం రాత్రి బండెక్కి తెల్లారి దిగేవాళ్లకు ఒక రోజంతా ఇక్కడే పోతుంది. శుక్రవారమే దిగక తప్పకపోతే ఆ రోజుని నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి ఉంచుకోండి.

బసకి నాంపల్లి, అబిడ్స్, లక్డీకాపూల్ వైపే మేలు. పబ్లిక్ గార్డెన్స్, బిర్లా కొండ అక్కడికి దగ్గర. పాతబస్తీకి ఆటో దొరకడం కష్టం కాదు. హైటెక్ సిటీలో గదులు కొత్తగా, శుభ్రంగా ఉంటాయి గానీ, పొద్దున ఆఫీసు ట్రాఫిక్‌లో పాతబస్తీ చేరేసరికి మ్యూజియం తెరిచి చాలాసేపవుతుంది. నాంపల్లి, అబిడ్స్ లాడ్జిల్లో రోడ్డు వైపు గది తీసుకోకండి, హారన్లకు నిద్ర పట్టదు. చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకా, దిగినప్పటి నుంచి 24 గంటలా అన్నది ముందే అడగండి. తెల్లవారుజామున దిగేవాళ్లు అది అడక్కపోతే రెండు రోజుల అద్దె కట్టాల్సి రావచ్చు.

మొదటి రోజు సాలార్‌జంగ్. పొద్దున పదింటికే గేటు దగ్గర ఉండాలి. మెట్రోలో వస్తే ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి. సంచీలు క్లోక్‌రూమ్‌లో పెట్టాలి కాబట్టి తేలికగా వెళ్లండి. చాలామంది ఒకటో నంబరు గది నుంచి వరసగా నడుస్తారు. అసలైనవి చేరేసరికి కాళ్లు లాగేస్తాయి, పింగాణీ, గాజు సామాన్ల దగ్గర కళ్లు కూడా అలసిపోతాయి. వరస వదిలేసి ముందు ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నారు. ఎదురుగా నిలబడితే ముసుగు పనితనం సగమే తెలుస్తుంది. రెండడుగులు పక్కకు జరిగి చూస్తే, రాయి పల్చబడిన చోట ముక్కు, కనుబొమ్మ తేలి కనిపిస్తాయి. తర్వాత మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట చెక్క బొమ్మ. ఒకే దుంగకు ముందువైపు గర్వంగా నిలబడ్డ దెయ్యం, వెనకవైపు తలవంచిన పిల్ల. వెనక అద్దం ఉంది, రెండూ ఒకేసారి కనబడేచోట నిలబడాలి. జేడ్ (పచ్చరాయి) వస్తువుల గది మాత్రం తొందరపడి దాటొద్దు. ఢిల్లీ సుల్తాను ఇల్‌తుత్‌మిష్ పేరున్న రెహల్ (ఖురాన్ పెట్టుకునే పీట), నూర్జహాన్ పండ్ల కత్తి అక్కడే ఉన్నాయి.

పదకొండూ నలభైకల్లా గడియారం హాల్లో కూర్చోండి. కుక్ అండ్ కెల్వీ కంపెనీవారి ఆ గడియారంలో గంటగంటకూ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి జనమంతా అప్పుడే చేరతారు. ఆలస్యంగా వస్తే ఎదుటివాళ్ల తలలూ, పైకెత్తిన ఫోన్లే కనబడతాయి. పిల్లలతో ఉంటే పదకొండింటికే చూసెయ్యడం మంచిది. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు వదిలేస్తే హాల్లో ఊపిరాడుతుంది.

మదీనా సర్కిల్ దగ్గర భోంచేసి మధ్యాహ్నం పురానీ హవేలీకి వెళ్లండి. ఆటోవాళ్లకు నిజాం మ్యూజియం అని కాక పురానీ హవేలీ అనే చెప్పండి. చిన్న మ్యూజియం, గంటన్నర చాలు. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు, వెండితో చేసిన భవనాల నమూనాలు ఉంటాయి. నిలబడి చూడాల్సింది మాత్రం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా. భవనంలో ఒక భాగం పొడవునా, రెండంతస్తులుగా కట్టించారు. పైకి చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది.

రెండో రోజు చౌమహల్లా. ఎండ ముదరకముందే ఆవరణలు చూసేసి, ఖిల్వత్ దర్బారు హాల్లోని షాండిలియర్ల కింద నిదానంగా గడపండి. పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉన్న కార్ల విభాగం మర్చిపోవద్దు. కార్ల మీద ఇంకా మోజుంటే బహదూర్‌పురాలో, జూ పార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది. కప్పు, బూటు, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నిజంగా నడిచే బళ్లు చూసి పిల్లలు కదలరు. పెద్దలకు అరగంట చాలు.

మూడో రోజు అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే స్టేట్ మ్యూజియం, బిర్లా రెండూ అయిపోతాయి. స్టేట్ మ్యూజియంలో జనం మమ్మీ చూసి వెనక్కి తిరుగుతారు. ఈజిప్టు నుంచి వచ్చిన ఆ మమ్మీని ఆక్సిజన్ తగలకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలో భద్రపరిచారు, చూడాల్సిందే. కానీ తెలుగువాళ్లు పక్కనున్న ఏలేశ్వరం పెవిలియన్ వదలకూడదు. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయిన ఏలేశ్వరం ఊరి తవ్వకాల్లో దొరికినవి అక్కడున్నాయి. ఆ ఊరికి ఇక వెళ్లలేం కాబట్టి, ఈ గదికి అరగంట విడిగా ఉంచుకోండి. అక్కడి నుంచి బిర్లాకు ఎక్కడమంటే కొండే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆటోలో పైదాకా వెళ్లాలి. ముందుగా అక్కడి ప్లానెటేరియం (నక్షత్రశాల) ఆట వేళలు, అందులో తెలుగు ఆట ఎప్పుడో కౌంటర్లో కనుక్కుని, మధ్య ఖాళీలో డైనోసార్ హాలు చూడండి. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసింది.